బొటనవేలి కింది పొర

సూక్ష్మదర్శినిలో మొట్టమొదట నాకు కనిపించినవి నా రెప్పవెంట్రుకలు. అవి రెప్పవెంట్రుకలని నాకేం తెలుసు? నల్లటి గీతలు వంకరగా కదులుతుంటే, "సార్, కణాలు కదులుతున్నయి" అని క్లాసంతా వినబడేలా చెప్పాను. సారు వచ్చి చూసి, "అవి నీ రెప్పలమ్మా, కన్ను కొంచెం వెనకకు పెట్టు" అన్నారు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. నేను ఊరుకునే మనిషిని కాను. వెనక్కి తిరిగి ఒక చూపు చూసి, మళ్ళీ కన్ను పెట్టాను. ఈసారి గుండ్రటి వలయాలు, చుట్టూ నల్లటి అంచు, మధ్యలో తళుకు. ఇవి కాక కణాలు ఇంకెలా ఉంటాయని మళ్ళీ గట్టిగా చెప్పాను. సారు మళ్ళీ వచ్చారు. గాలి బుడగలు అన్నారు.

ఇక స్లైడు నేనే చేసుకుంటానని పట్టుబట్టాను. ఉల్లిగడ్డ పాయకు లోపలివైపు సన్నటి పొర ఉంటుంది. మిగతావాళ్ళు పట్టకారుతో లాగితే అది పీలికలైంది. నేను గోటితో అంచు లేపి ఒక్క ఊపులో తీశాను. పెళ్ళయిన నాటి నుంచి బీడీలు చుట్టే తునికాకుకు ఈనెలు తీస్తున్న వేళ్ళు నావి, ఉల్లిపొర ఒక లెక్కా! దాన్ని నీటిచుక్కలో పరిచి, ఒక బొట్టు ఎర్ర రంగు వేసి, పైన సన్నటి గాజు బిళ్ళను ఒక పక్క నుంచి మెల్లగా వాల్చాను. కన్ను పెట్టి మర తిప్పుతుంటే మసక మసకగా ఉన్నదంతా ఒక్కసారిగా తేటపడింది. చాటలో వరుసగా పేర్చిన బీడీల్లా పొడుగ్గా, ఒకదాన్నొకటి ఆనుకొని, సందు లేకుండా ఉన్నాయి. ప్రతిదానికీ గట్టి అంచు ఉంది. ప్రతిదానిలో ఒక ఎర్రటి చుక్క ఉంది.

ఈసారి గట్టిగా చెప్పడం మరిచిపోయాను. కూర కోసం తరిగి తరిగి కళ్ళనీళ్ళు పెట్టుకున్న ఉల్లిగడ్డ లోపల ఇంత కట్టుబడి ఉందా అని ఒళ్ళు ఝల్లుమంది. అప్పుడు సారును పిలిచి అడిగాను. "సార్, ఈ చుక్క నడుమల ఉండాలె గద, పక్కకు ఎందుకు జరిగింది?"

సారు ముఖం వెలిగిపోయింది. మా సారు వారమంతా సర్కారు బడిలో పిల్లలకు చెప్పి, ఆదివారాలు మాలాంటి ఓపెన్ ఇంటర్ వాళ్ళకు కామారెడ్డిలో క్లాసులు తీసుకునేవారు. ఆయనను మేం ఎప్పుడూ పరీక్షలో ఏమొస్తుందనే అడిగేవాళ్ళం. "అది కేంద్రకమమ్మా. కణంల ఏ పని ఎప్పుడు జరగాలెనో దాని చేతుల్ల ఉంటది. నడుమ జాగనంత రిక్తిక తీసుకున్నది. నీళ్ళ సంచి అనుకో. అది నిండుగ ఉబ్బి, కేంద్రకాన్ని గోడకు నెట్టేసింది" అన్నారు. వెనక లైను పెరుగుతున్నా నేను కుర్చీ వదల్లేదు. ఒకావిడ నా భుజం పట్టుకుని లేపింది.

అసలు ఈ చదువులోకి నన్ను దింపింది నా కోపమే. మాది రాజంపేట పక్కన వ్యవసాయం చేసుకునే ఇల్లు. పదో తరగతిలో జీవశాస్త్రం అంటే పడి చచ్చేదాన్ని. బొమ్మలో కణాన్ని గీసి భాగాలు గుర్తించమంటే రంగు పెన్సిళ్ళతో ముగ్గు వేసినట్టు వేసేదాన్ని. కాని బొమ్మ తప్ప కణాన్ని ఎప్పుడూ చూడలేదు. మా బడిలో సూక్ష్మదర్శిని బీరువాలో ఉండేది, బీరువాకు తాళం ఉండేది. తరువాత పెళ్ళయి కామారెడ్డి వచ్చాను. అత్తగారింట్లో బీడీల పని. మా అత్త దగ్గర నేర్చుకున్నాను, పాపను కన్నాను, కణం సంగతి మరిచిపోయాను.

ఒకసారి పాపకు జ్వరం తగ్గకపోతే రక్తపరీక్షకు తీసుకుపోయాను. అక్కడ ఒకామె సూక్ష్మదర్శిని ముందు కూర్చుని ఉంది. మా పాప రక్తమే దాని కింద ఉంది. "ఒక్కసారి చూస్తనమ్మా" అని బతిమాలాను. "ఇది మీరు చూసేది కాదండి" అంది ఆమె, తల కూడా ఎత్తకుండా. నా బిడ్డ రక్తం నేను చూసేది కాకపోతే మరెవరు చూసేది? ఇంటికి వచ్చేదాకా తిట్టుకుంటూ వచ్చాను. ఆ తరువాతి వారమే ఓపెన్ ఇంటర్‌లో పేరు రాయించుకున్నాను. ఇంటర్ పాసై, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి, ఆ కుర్చీలో కూర్చోవాలని. ఎవరైనా తల్లి వచ్చి చూస్తానంటే, జరిగి చోటిద్దామని.

ఉల్లిపొర చూసిన రోజు ఇంటికి నడిచి రాలేదు, దాదాపు పరుగెత్తుకొచ్చాను. వాకిట్లో అత్త, పక్కింటి అక్క ఎదురెదురుగా కూర్చుని బీడీలు చేస్తున్నారు. చెప్పులు విడవకుండానే మొదలుపెట్టాను.

"అత్తమ్మా, నీ చేతిల ఉన్న ఆకు నిండ గదులే. ఒక్కో గదికి గోడలున్నయి. ఆకు ఎండినంక లోపల బతికేదంత పోయింది, గోడలు మాత్రం మిగిలినయి. నువ్వు నీళ్ళు చల్లి గుడ్డల మూటగట్టి పెడ్తవు చూడు, ఆ నీళ్ళు తాగేది గోడలే. అందుకే మడత పెడితె పటుక్కుమనదు."

"నీళ్ళు చల్లితె మెత్తబడ్తదని నీ సారు చెప్తేనే తెలుస్తదా?" అంది అత్త.

"ఎందుకు మెత్తబడ్తదో చెప్తున్న."

"మెత్తబడ్డది చాలు. ఎందుకనేది నువ్వు ఉంచుకో." చేతులు మాత్రం ఆగలేదు. ఆకు కోసి, తంబాకు వేసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టి చాటలో పడేసింది. మరో రెండు బీడీలయ్యాక, "మనకు గూడ ఉన్నయా ఆ గోడలు?" అని అడిగింది.

"లేవు. మనకు పొర ఒక్కటే, పలచగ. గోడ ఉంటె వంగుడు లేవుడు ఎట్లయితది? చెట్టుకు తిరిగే పని లేదు, అందుకే గోడ కట్టుకొని నిలబడ్డది."

"పొద్దుగాల లేస్తె నా నడుములకు మాత్రం ఎవరో గోడ కట్టే పోతున్నరు" అంది అత్త. పక్కింటి అక్క నవ్వు ఆపుకోలేక చాట దించేసింది.

ఆ రోజుల్లో ఇంట్లో ఎవరికీ నా నుంచి తప్పించుకునే దారి లేదు. వాడిపోయిన కొత్తిమీర కట్టను గ్లాసు నీళ్ళలో నిలబెట్టి, అది తలెత్తేదాకా పాపను పక్కన కూర్చోబెట్టేదాన్ని. రిక్తికలు నిండుతున్నాయి చూడు అని చూపించేదాన్ని. మా ఆయన అన్నం కలుపుకుంటుంటే, ఆ ముద్ద లోపలికి పోయి కరిగి చివరికి మైటోకాండ్రియాకు చేరుతుందని, అక్కడే అది బలంగా మారుతుందని, లేకపోతే ఆయన ఆటో హ్యాండిలు కూడా తిప్పలేడని చెప్పేదాన్ని. "బువ్వ తినేటప్పుడన్న ఇడిసిపెట్టు" అనేవాడు. చెట్టుకు ఆ బువ్వ కూడా ఎవరూ పెట్టక్కర్లేదని, ఆకుల్లోని హరితరేణువులు ఎండను పట్టుకుంటే గాలీ నీళ్ళతో అదే వండుకుంటుందని చెప్పేసరికి, చెంబు ఎత్తుకుని బయటికి పోయేవాడు. ఎవరు విన్నా వినకున్నా నాకు ఆగేది కాదు. ఇంత పెద్ద సంగతి తెలిశాక నోరు మూసుకుని ఎలా ఉంటారు?

ఆషాఢంలో పరీక్షల కబురు వచ్చింది. రాత పరీక్షలు కామారెడ్డిలోనే, హాల్‌టికెట్ చూసి రాయిస్తారు. చివర్లో ప్రాక్టికల్స్ మాత్రం ఎల్లారెడ్డిలో. ఒకరి బదులు ఒకరు రాకుండా అక్కడ గేటు దగ్గర వేలిముద్ర మిషన్ పెడుతున్నారని, ఆధార్‌లో ఉన్న ముద్రతో కలవకపోతే లోపలికి రానివ్వరని సారు చెప్పారు. వేలు కలవకపోతే కన్ను చూపించే మిషన్ ఉండదట. "మీరంత ఒకసారి ముందే వేలు పెట్టి చూసుకోండ్రి" అన్నారు. నేను నవ్వుకున్నాను. ఎముకల పేర్లు గుర్తుండవేమోనని భయం ఉంది కాని, నా వేలికి ఏం భయం?

బస్టాండు దగ్గర వేలిముద్రలు తీసే దుకాణంలో ఒకావిడ కూర్చునేది. బొటనవేలు పెట్టాను. ఎర్ర లైటు. తుడుచుకుని పెట్టాను. ఎర్ర లైటే. చూపుడువేలు, నడిమివేలు, ఎడమచెయ్యి, దేనికీ పచ్చ లైటు రాలేదు. ఆవిడ నా చెయ్యి వెల్లకిలా తిప్పి చూసి, "బీడీలు చేస్తరా?" అని అడిగింది.

"నీకెట్ల తెలుసు?"

"గీతలు లేవు గద."

నేను అప్పుడు చూసుకున్నాను. నిజమే. వేళ్ళ కొసలు గుండ్రాయిలా నున్నగా మెరుస్తున్నాయి. పెళ్ళికి ముందు, రాజంపేటలో ఆధార్ తీసినప్పుడు ఉన్న వేళ్ళు వేరు, ఇవి వేరు. రోజూ ఆకు చుట్టీ చుట్టీ నా వేళ్ళను నేనే చెరిపేసుకున్నాను. కళ్ళనీళ్ళ పర్యంతమైంది. కోపమూ వచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఎల్లారెడ్డి గేటు దగ్గర ఈ ఎర్ర లైటు వెలిగితే ల్యాబ్‌లో ఆ కుర్చీ సంగతి ఇక మరిచిపోవలసిందే.

పక్కింటి అక్క గోరింటాకు ఉపాయం చెప్పింది. "ఆషాఢమే గద చెల్లె, మైదాకు పెట్టుకో. గీతలు ఎర్రగ తేల్తయి, మిషన్‌కు మంచిగ కనబడ్తయి."

ఇంకొకరు చెబితే నమ్మేదాన్ని కాదేమో. కాని నేను చదువుకున్నదాన్ని కదా, వెంటనే నమ్మాను. ఉల్లిపొరలో కేంద్రకం కనిపించింది ఎందుకు? రంగు వేయడం వల్లనే. రంగు లేకపోతే ఉన్నదీ కనిపించదు. నా గీతలూ అంతే, ఉన్నాయి కాని కనిపించడం లేదు, కావలసింది రంగు. ఈ ఆలోచన తట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. మైదాకు మెత్తగా నూరి, పది వేళ్ళకూ దట్టంగా తొడుగులు పెట్టాను. తెల్లారేసరికి వేళ్ళు మిరప్పండ్లలా పండాయి.

మిషన్ ఆవిడ నా చెయ్యి చూసి నుదురు కొట్టుకుంది. "అక్కా, పండుగకు పోయినట్టు వచ్చినవు" అంది. మొదటిసారి కనీసం మసకగా ఏదో కనబడిందట, ఈసారి తెర మీద నల్లటి మచ్చ తప్ప ఏమీ లేదు. ఆకు రసం గీతకు ఒక తీరుగా, సందుకు ఒక తీరుగా పట్టదు. అన్నింటినీ ఒకటే చేసి పెడుతుంది. ఇంటికి వచ్చి పుస్తకాన్ని మూలకు విసిరేశాను. తరువాత నేనే పోయి తెచ్చుకున్నాను.

తెచ్చుకుని తిరగేస్తుంటే చర్మం పాఠం వచ్చింది. ఇంతకు ముందు చదివిందే, మార్కుల కోసం చదివాను. ఈసారి నా వేలి కోసం చదివాను. చర్మానికి అన్నిటికంటే పైన ఉన్న పొరలో కణాలు చచ్చినవి. అన్నిటికంటే కింద ఉన్న వరుసలో కణాలు బతికున్నవి. ఆ కిందివి ఒకటి రెండవుతూ, పాతవాటిని పైకి నెడుతుంటాయి. పైకి వచ్చేకొద్దీ కేంద్రకం పోతుంది, లోపలి నీరు పోతుంది, పలచటి పొలుసై చివరికి రాలిపోతుంది. నేను చదవడం ఆపి నా వేలు చూసుకున్నాను. మైదాకు పట్టింది చచ్చిన కణాలకు. నేను అరగదీసిందీ చచ్చిన కణాలనే. మరి కిందివి?

ఆదివారం దాకా ఆగలేకపోయాను. సారు బడి వదిలే వేళకు గేటు దగ్గర నిలబడ్డాను. "సార్, గీతలు ఏ పొరల ఉంటయి?"

ఆయన సైకిలు స్టాండు వేశారు. "పై పొరల కనబడ్తయి గని, వాటి అచ్చు కిందనమ్మా. లోపలి చర్మం మీద మిట్టపల్లాలున్నయి. పై పొర వాటి మీద పరిచిన బట్ట తీరు. నువ్వు బట్టను రుద్దీ రుద్దీ పలచగ చేసినవు. అచ్చు ఎక్కడికి పోతది?"

"అయితే బీడీలు బంద్ చేస్తె?"

"కొత్త కణాలు కింది నుంచి వస్తయి. నెల దినాలు, కొంచెం అటిటు. గీతలు మళ్ళ తేలాలె."

"తేలాలె అంటె తేల్తయా, తేలవా సార్?"

సారు నవ్వారు. "పుస్తకం ప్రకారం తేల్తయి. నీ వేలు ప్రకారం నువ్వే చూసి చెప్పాలె."

ఆ మాట నాకెంత నచ్చిందో చెప్పలేను. ఉల్లిపొర కాదు, బొమ్మ కాదు, నా ఒంటి మీదే ప్రయోగం. ఎల్లారెడ్డికి నెలకు కొంచెం ఎక్కువే ఉంది. కాని అన్నాళ్ళు నేను చేతులు కట్టుకుని కూర్చుంటే నా బీడీ కార్ఖానా కార్డు మీద బీడీలు ఎవరు ఇస్తారు? కార్ఖానాకు మాల్ పోకపోతే మాకు పని పంచే టేకేదారు ఊరుకోడు, నా ఆకూ తంబాకూ ఇంకొకరికి ఇచ్చేస్తాడు. పరీక్ష పోతే మళ్ళీ రాయొచ్చేమో, కార్డు పోతే మళ్ళీ రావడం కష్టం. ఇదంతా అత్తకు చెప్పాను.

అత్త అన్నీ విన్నది. "చచ్చిన తోలు కింద బతికిన తోలుంటదా?" అంది.

"ఉంటది."

"గీతలు గూడ?"

"పుస్తకంల ఉన్నది."

అత్త నా చాట తీసుకుని తన చాట కింద పెట్టుకుంది. "నీయి గూడ నేనే చేస్త. అబద్ధమైతె మాత్రం ఆ పుస్తకం పొయ్యిల పెడ్త" అంది. ఇంత తొందరగా ఒప్పుకుంటుందని నేను అనుకోలేదు. చదువు మీద ఆమెకు ఎప్పుడూ పెద్ద మోజు లేదు. నా మీదే ఏమో అనుకుని మురిసిపోయాను.

ఆ నెల నాకు చేతులున్నాయి కాని పని లేదు. గిన్నెలు తోమబోతే అత్త పీచు లాక్కునేది. బట్టలు ఉతకబోతే వద్దని పాపతో చెప్పించేది. రాత పరీక్షలు రాశాను, కలం పట్టుకుంటే వేలు అరుగుతుందేమోనని మధ్యమధ్యలో ఊదుకుంటూ. రోజూ పొద్దున ఫోన్ కెమెరాను పెద్దది చేసి బొటనవేలి మీద పట్టేదాన్ని. మైదాకు పెట్టి తప్పు చేశాననుకున్నాను గాని, ఆ ఎరుపే నాకు దారి చూపింది. ముందు అది కాషాయమైంది, తరువాత పసుపైంది, తరువాత మచ్చలు మచ్చలుగా రాలడం మొదలుపెట్టింది. రంగు రాలిందంటే అది పట్టుకున్న కణం రాలింది. కణం రాలిందంటే దాని కింద ఇంకొకటి వచ్చి ఉంది. నా ఒంట్లో జరిగే పని నా కళ్ళముందే కనబడుతుంటే కాలు ఒకచోట నిలవలేదు. గోళ్ళ మీద మాత్రం ఎరుపు పోలేదు, గోటి మొదట్లో తెల్లగా నెలవంకంత కొత్త గోరు తేలింది. గోటికి దాని తొందర దానిది.

ఎరుపు పోయిన చోట ఒకరోజు సన్నగా, తెగి తెగి, ఒక వంపు కనిపించింది. వంటింట్లోంచి అరుచుకుంటూ వచ్చాను. అత్త బీడీ చేతిలోనే పెట్టుకుని, "ఏది, చూపియ్యి" అంది. నా వేలిని వెలుతురుకు తిప్పి తిప్పి చూసింది. ఆ రోజు నుంచి రోజూ చూసేది. పొద్దున ఆకు కోసేముందు, సాయంత్రం కట్టలు కట్టాక. నాకంటే ఆమెకే ఎక్కువ ఆత్రంగా ఉందని పక్కింటి అక్క ఎగతాళి చేసింది. రెండు చాటల పనితో అత్త భుజాలు పడిపోతుండేవి, పొద్దుగూకేదాకా లేచేది కాదు.

ఎల్లారెడ్డి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. కడ్డీ పట్టుకోలేదు, కుడిచెయ్యి కొంగులో చుట్టి పెట్టుకున్నాను. లింగంపేట దాటాక రోడ్డుకు రెండు పక్కలా చెట్లు, వానలకు కడిగిన ఆకులు. ఇన్నేళ్ళూ పచ్చగా ఉందనుకుని ఊరుకున్న పచ్చదనం అది. ఇప్పుడు ప్రతి ఆకులో లెక్కలేనన్ని హరితరేణువులు పొద్దున్నే పని మొదలుపెట్టాయని తెలిసి చూస్తుంటే, అడవంతా హడావుడిగా ఉన్నట్టు తోచింది. నాకు భయంగా ఉంది. భయం ఉన్నా సంతోషం ఆగలేదు.

గేటు దగ్గర నా ముందు మద్నూర్ నుంచి వచ్చినావిడ వేలు పెట్టగానే పచ్చ లైటు వచ్చింది. నేను పెట్టాను. ఎర్ర లైటు. మళ్ళీ పెట్టాను, మళ్ళీ ఎర్రదే. మిషన్ పట్టుకున్నాయన విసుక్కోలేదు. "వేలు బాగ ఎండి ఉన్నదమ్మా. నుదురుకు రాసి పెట్టు, కొంచెం జిడ్డు తగలాలె" అన్నాడు. నెలంతా దాచి దాచి వేలిని వరుగు చేసుకున్నాను మరి. నుదురుకు రాసుకున్నాను, ముక్కు పక్కన రాసుకున్నాను, గట్టిగా అదిమాను.

పచ్చ లైటు.

"పోమ్మా లోపలికి" అంటున్నాడు ఆయన, నేను కదలడం లేదు. మిషన్ నన్ను గుర్తుపట్టినందుకు కాదు. పుస్తకంలో రాసింది నా వేలిలో జరిగింది. కింద ఎక్కడో ఒక వరుస కణాలు, నేను చూడకపోయినా, నమ్మకపోయినా, ఒకటి రెండవుతూ, పెళ్ళికి ముందటి నా గీతలను మళ్ళీ పైకి తెచ్చాయి.

లోపల రెండు స్లైడులు చేయమన్నారు. ఉల్లిపొర నాకు మంచినీళ్ళ ప్రాయం. రెండోది చెంప లోపలి పొర. పుల్లతో మెల్లగా గీకి, గాజు మీద పులిమి, నీలి రంగు వేసి చూశాను. గోడలు లేవు, వరుసలు లేవు. పలచటి పొరలోపల కణద్రవ్యం, నడుమ ముదురు నీలం కేంద్రకం. ఒకటి అంచు మడతపడి ఉంది, ఇంకొకటి రెండోదాని మీద పడుకుని ఉంది. అవి నావి. నా కళ్ళు నిండుకొచ్చాయి, అద్దం మసకబారింది. పరీక్ష తీసుకునే మేడం వచ్చి, "జంతుకణానికి కణకవచం ఎందుకుండదు?" అని అడిగింది. "వంగాలె, లేవాలె, నడవాలె మేడం. గోడలతోటి కాదు" అన్నాను. ఆమె నవ్వి ముందుకు పోయింది.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. అత్త వాకిట్లోనే ఉంది. "వేలు పడ్డదా?" అంది.

"పడ్డది అత్తమ్మా."

నవ్వలేదు. నా చెయ్యి అందుకుని బొటనవేలు చూసింది. తరువాత చాట పక్కన పెట్టి, చేతికంటిన తంబాకు కొంగుతో తుడుచుకుని, తన బొటనవేలు నా ముందుకు చాపింది.

"నాయి గూడ ఉన్నయా కింద?"

నాకు వెంటనే అర్థం కాలేదు. అత్తే చెప్పింది. "రేషన్ బియ్యం దుకాణంల నీకు గీతలు లేవవ్వా అంటరు. ఎన్నేండ్లాయె, నా కొడుకు వేలు పెట్టి తెచ్చుకుంటున్న. బతికున్న మనిషినే గద. మిషన్ల మాత్రం లేనే లేనట." ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. ముసలితనమని అందరం అనుకున్నాం, ఆమె కూడా అలాగే అనుకుందనుకున్నాం. రోజూ నా వేలిని వెలుతురుకు తిప్పి ఆమె ఏం వెతికిందో నాకు అప్పుడు తెలిసింది.

ఆ వేలు పట్టుకున్నాను. నా వేలికంటే ఎంతో నున్నగా, గట్టిగా ఉంది. "వయసుకు కొంచెం పలచబడ్తయంట. నాయంత తొందరగ రాకపోవచ్చు. కింద మాత్రం ఉన్నయి అత్తమ్మా" అన్నాను.

"నెలంటివి గద."

"నీకు ఇంకొంచెం ఎక్కువ పట్టొచ్చు."

ఆమె తన చాటను తీసి నా ఒళ్ళో పెట్టింది. సగం చుట్టిన బీడీ అందులోనే ఉంది. నేను దాన్ని పూర్తిచేసి దారం కట్టాను. అత్త నా ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుంది. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు, కాసేపు మోకాళ్ళ మీద పెట్టుకుంది, కాసేపు ఒళ్ళో. చివరికి బొటనవేలిని మిగతా వేళ్ళలో మూసి పట్టుకుని కూర్చుంది.